ఎండ ముదిరితే కరెంటు ఎక్కువొస్తుందా?

(తిరుపతిలో విశ్వవిద్యాలయ ప్రయోగశాల చూడ్డానికి వచ్చిన హైస్కూలు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడినవాళ్ళు వచ్చేయండి. అయ్యవార్లకు నమస్కారం.

మన ఊళ్ళో సోలార్ ప్యానెల్ ఏ నెలలో బాగా పనిచేస్తుంది? మే అని అందరూ చేతులెత్తారు. రోళ్ళు పగిలే ఎండ కదా, కరెంటు కూడా దండిగా రావాలి! కానీ ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు. వేడి దానికి గిట్టదు.

నా మాట నమ్మొద్దు, మీటర్ చూడండి. మిద్దె మీద ఎండలో ఒక చిన్న ప్యానెల్ పెట్టి, దాని వైరు ఈ బల్ల దాకా లాగాము. అందులో 36 సిలికాన్ సెల్స్ ఉన్నాయి, అంటే వెలుతురును కరెంటుగా మార్చే బిళ్ళలు. ఒక్కో సెల్ సుమారు 0.6 వోల్టులు ఇస్తుంది. గుణించండి. ఆఁ, 21 చిల్లర. ప్యానెల్ వెనక చీటీ మీద ఉన్నదీ అదే. మరి మీటర్‌లో? 19! అమ్మినాయన మోసం చేయలేదు. చీటీలో రాసేది సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. అక్కణ్ణుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఒక్కో సెల్ సుమారు 2 మిల్లీవోల్టులు పోగొట్టుకుంటుంది. సెల్ ఇప్పుడు ఎన్ని డిగ్రీల్లో కాలుతోందో మీరే కట్టి చెప్పండి. 60 దాటిందని వస్తుంది.

మే మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరిందనుకోండి. పవర్‌లో డిగ్రీకి 0.35 శాతం చొప్పున, 40 డిగ్రీలకు 14 శాతం పాయె. 540 వాట్ల ప్యానెల్ 465 దగ్గర ఆగిపోతుంది. అందుకే ప్యానెల్‌ని మిద్దెకు అతికించినట్టు బిగించకూడదు, కింద గాలి ఆడాలి. కొందరు చల్లబరుద్దామని కాలిన అద్దం మీద చన్నీళ్ళు గుమ్మరిస్తారు. అద్దం పగలొచ్చు, ఆ పని చేయొద్దు.

ఇప్పుడు ఆ ప్యానెల్ కరెంటుతో తిరిగే ఈ ఫ్యాన్ చూడండి. పైనున్న మా ఎంటెక్ అన్నకు ఫోన్ చేస్తాను... ఒక్క సెల్ మీద అట్టముక్క పెట్టు నాయనా. చూశారా, ఈడ్చుకుంటూ తిరుగుతోంది! ముప్పైఆరింట్లో కప్పింది ఒక్కటే. సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. వైకుంఠం క్యూలో ముందున్నాయన ఆగితే వెనక కంపార్ట్‌మెంటు దాకా ఆగిపోయినట్టే ఇదీను. పైగా నీడ పడిన సెల్, మిగతావి ఇచ్చే కరెంటును మింగి తానే వేడెక్కుతుంది. వాటర్ ట్యాంకు నీడ, కొబ్బరిమట్ట నీడ, కాకి రెట్ట, ఏదైనా చాలు. ఆ సెల్‌ను తప్పించి కరెంటుకు పక్కదారి ఇవ్వడానికి ప్యానెల్ వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లు పెడతారు. ఇంజనీరింగ్ అంటే నాకు ఇష్టమైంది ఇదే, ఎక్కడ కారిపోతోందో పట్టుకోవడం.

1954లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు చూపించిన మొదటి సిలికాన్ సెల్ మీద పడిన వెలుతురులో 6 శాతమే కరెంటయింది. మన ఎస్వీ యూనివర్సిటీ పుట్టిందీ అదే ఏడు. ఇప్పుడు అంగట్లో దొరికే ప్యానెల్స్ 20 శాతం దాటాయి. మిగతాదంతా ఏమైంది? చాలావరకు వేడి అయింది.

మరి వేడే కావాలంటే? 2002లో తిరుమల అన్నదానం వంటశాలకు పెట్టింది ప్యానెల్స్ కాదు, అద్దాలు బిగించిన డిష్‌లు 106. అవి సూర్యుడితోపాటు తిరుగుతూ, ఎండను ఒకచోట కూర్చి, 180 డిగ్రీల ఆవిరి పుట్టించేలా కట్టారు. రోజుకు 4 టన్నుల ఆవిరి, సుమారు 15 వేల మందికి వంట. అన్నం ఉడకడానికి ముందు కరెంటు చేసి, మళ్ళీ దాన్ని వేడి చేయడం దేనికి? ఏ పనికి ఏది కావాలో తెలుసుకోవడం సగం చదువు.

మీ బడికో పని. ఏప్రిల్ 26 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలప్పుడు గ్రౌండ్‌లో ఒక కర్ర నిట్టనిలువుగా పాతండి. నీడ కనబడదు. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు కాబట్టి ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు. అక్కణ్ణుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు! అయినా ప్యానెల్స్‌ని దక్షిణానికే వాలుస్తాం. ఎందుకో మీ లెక్కల అయ్యవారిని అడగండి. ఏడాది పొడుగునా లెక్క కడితే తెలుస్తుంది, ఆయన కట్టిస్తారు.

ఈ రంగంలోకి రావాలంటే ఎలక్ట్రికల్ ఒక్కటే దారి కాదు. సెల్ తయారీకి ఫిజిక్సు, కెమిస్ట్రీ కావాలి. మిద్దెల మీద బిగించేవాళ్ళు ఐటీఐ, డిప్లొమా నుంచీ వస్తారు. మీ ఊళ్ళో సోలార్ మోటారు ఆగిపోతే మొదట పిలిచేది వాళ్ళనే.

ఇక మిద్దె మీదికి పదండి, నలుగురికి ఒక మీటర్. చెప్పులు విప్పొద్దు, సిమెంటు కాలుతుంది. తడిగుడ్డలు రెండు తెచ్చాను. ప్యానెల్ వెనకవైపు పరిచి, వోల్టేజి ఎంత పెరిగిందో రాసుకోండి. ఎర్ర వైరూ నల్ల వైరూ ఒకదానికొకటి తాకించొద్దు.