పది రూపాయలకు బేరం, రెండు వేలకు మౌనం

[తెర మీద: చెన్నై టీ నగర్, రంగనాథన్ వీధి. సాయంత్రం రద్దీ. మల్లెపూల బుట్ట.]

నమస్కారం. ముహూర్తాలు మొదలయ్యాయంటే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి మనవాళ్ళు చీరల కోసం ఇక్కడికే వస్తారు. బయట పూలామె మూర 40 అంటే, "30కి ఇవ్వమ్మా" అని నిలబడి బేరమాడతాం. కాసేపటికి షాపులో 22,000 పట్టుచీర తీసుకుంటాం. "బ్లౌజుకి మగ్గం వర్క్ కూడా చేయించేద్దామా, ఇంకో 2,000 అంతే" అంటే తలూపేస్తాం.

అదే మనిషి, అదే పర్సు. మరి ఎందుకిలా?

[తెర మీద: కోటు, కాలిక్యులేటర్ బొమ్మలు.]

1981లో అమోస్ ట్వర్స్కీ, డానియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రశ్న అడిగారు. మీరు 125 డాలర్ల కోటు, 15 డాలర్ల కాలిక్యులేటర్ కొంటున్నారు. అదే కాలిక్యులేటర్ 20 నిమిషాల దూరంలో 10 డాలర్లకే దొరుకుతుంది. వెళ్తారా? 68 శాతం మంది వెళ్తామన్నారు. ఇంకో గుంపుకి ధరలు తారుమారు చేశారు: కోటు 15, కాలిక్యులేటర్ 125, అక్కడికెళ్తే 120. ఈసారి వెళ్తామన్నది 29 శాతమే.

రెండు చోట్లా మిగిలేది 5 డాలర్లే, ప్రయాణమూ అంతే. కానీ మనసు రూపాయలను లెక్కపెట్టదు, పక్కనున్న ధరలో అదెంత భాగమో చూస్తుంది. 40లో 10 అంటే పావు వంతు, ప్రాణం గిలగిల్లాడుతుంది. 22,000 పక్కన 2,000 కంటికి ఆనదు.

[తెర మీద: తెల్లటి పరుపు మీద పరిచిన చీరలు.]

షాపులో చీరలు చూపించే వరుస కూడా గమనించండి. మీరు అనుకున్నది 15,000. ముందు పరిచేది 45,000 చీర. "కొనక్కర్లేదు మేడమ్, చూడండి చాలు" అంటూ కొంగు జరీని లైటు కిందికి తిప్పుతారు. ఆ అంకె బుర్రలో దిగాక 22,000 చవగ్గా అనిపిస్తుంది. దీన్ని యాంకరింగ్ అంటారు. చీర నచ్చితే కొనండి, తప్పేం లేదు. కాకపోతే అది 45,000తో పోల్చాకే నచ్చిందా అన్నది ఒక్క క్షణం ఆలోచించండి.

ఇంకొకటి: "పెళ్ళి డబ్బులు కదా" అనే మాట. రిచర్డ్ థేలర్ దీన్నే మెంటల్ అకౌంటింగ్ అన్నారు. ఆయనకు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనసులో డబ్బుకి విడివిడిగా ఖాతాలు తెరుస్తాం. కూరల ఖాతాలో పైసా లెక్క ఉంటుంది, పెళ్ళి ఖాతాలో లెక్కే ఉండదు. అప్పు తెచ్చి పెళ్ళి చేసే ఇళ్ళలో ఈ ఖాతా చేసే నష్టం చిన్నది కాదు. వడ్డీకి ఏ ఖాతా అయినా ఒకటే.

పైగా కార్డు గీకితే చేతిలోంచి నోటు పోయిన బాధ ఉండదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ టికెట్ల వేలంలో కార్డుతో కట్టాల్సినవాళ్ళు, నగదు కట్టాల్సినవాళ్ళ కన్నా రెట్టింపుకు పైగా పాడారు.

[తెర మీద: బిల్లు కౌంటర్.]

అందుకే చీర బిల్లు, బ్లౌజు బిల్లు ఒకే రోజు పెట్టుకోకండి. చీర ఇంటికి తెచ్చుకోండి. రెండు రోజులాగి, మీ వీధి టైలర్ దగ్గర మగ్గం వర్క్ ధర అడగండి. పక్కన 22,000 లేనప్పుడు ఆ 2,000 ఎంతో అప్పుడు తెలుస్తుంది. పూలామె అడిగిన 40 మాత్రం ఇచ్చేయండి.