గులాబీ మెర్సిడెస్, ఫెరారీ రాజీ

నమస్తే అండీ, ఒంగోలు నుంచి మాట్లాడుతున్నా. మన వైపు బండలాగుడు పోటీల్లో ముందు గిత్త నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్ల జత ఆరు పళ్ల జతతో తలపడదు. చివర్లో అందరి ముందూ టేపు పట్టి కొలిచి, ఎన్ని అడుగులు లాగిందో మైకులో చెప్పేస్తారు. ఫార్ములా వన్ కారు రేసుల్లో చిన్న టీమైనా పెద్ద టీమైనా అందరిదీ ఒకే బండ. ఇప్పుడైతే విండ్ టన్నెల్ (కారు మీద గాలి ఎలా పారుతుందో చూసే సొరంగం) వాడకంలో ఛాంపియన్‌కి 70 శాతం, పదో స్థానం వాళ్లకి 115 శాతం అని కాస్త తేడా పెట్టారు. సరే, నా గొడవ బండతో కాదు, టేపుతో, అంటే కొలిచింది బయటికి చెప్పకపోవడంతో.

2020లో రేసింగ్ పాయింట్ టీము, అంతకుముందు ఏడాది గెలిచిన మెర్సిడెస్ కారును దాదాపు అచ్చు దించేసింది. రంగు మాత్రం గులాబీ. బ్రేకులకు గాలి పంపే డక్టుల (గొట్టాల) మీద పోటీ టీము రెనో ఫిర్యాదు చేసింది. 2019లో ఆ డ్రాయింగులు మెర్సిడెస్ దగ్గర తీసుకోవడం తప్పు కాదు. 2020 నుంచి మాత్రం ఎవరి డక్టు వాళ్లే గీసుకోవాలి. ముందు చక్రాల డక్టులు తమ పాత కారులోనే వాడారు కాబట్టి ఫర్వాలేదన్నారు. వెనక చక్రాలవి కొత్తగా పెట్టారు, అక్కడ దొరికిపోయారు. 4 లక్షల యూరోల జరిమానా, 15 పాయింట్ల కోత. తమాషా ఏంటంటే, ఆ డక్టులు విప్పమని మాత్రం అనలేదు!

సీజన్ చివర మెక్‌లారెన్ టీముకి 202 పాయింట్లు, వీళ్లకి 195. ఆ 15 ఉంటే 210, మూడో స్థానం వీళ్లదే. డబ్బు పంపకం కూడా స్థానాన్ని బట్టే కదా. దెబ్బ గట్టిదే. అయినా శిక్ష ఎంతో, ఎందుకో అందరికీ తెలిసింది. నాకు అభ్యంతరం లేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఫెరారీ 2019 ఇంజిన్ మీద విచారణ ముగిసింది. రాజీ చేసుకున్నాం, వివరాలు చెప్పం అంది ఈ రేసుల రూల్సు చూసే సంస్థ ఎఫ్‌ఐఏ. ఫెరారీ ఇంజిన్ వాడని ఏడు టీములూ ఒక్కటై ఇదేం పద్ధతని అడిగాయి. అందులో మెర్సిడెస్, రెడ్‌బుల్ లాంటి పెద్ద టీములు కూడా ఉన్నాయి. అంటే మధ్య వరుస వాళ్ల ఏడుపని కొట్టిపారేయడానికి లేదు.

ఆ 2020లో ఫెరారీ ఆరో స్థానానికి జారింది. ఇంజిన్‌లో ఏదో ఆపించారు కాబట్టే జారిందా, లేక కారే బాగోలేదా? కాగితం చూపిస్తే కదా తెలిసేది!