రాత్రి నిలబెట్టిన ట్రెయిలర్ తెల్లారేసరికి ఎందుకు కుంగుతుంది?

ఆటోనగర్ మెకానిక్ అన్నలకు, డ్రైవర్ అన్నలకు నమస్కారం.

ట్రెయిలర్ కుంగిందనగానే చాలాచోట్ల నేరుగా బెలోలు (ఛాసిస్‌ను మోసే గాలి తిత్తులు) మార్చేస్తారు. డబ్బు పోతుంది, కుంగడం మాత్రం ఆగదు. లీకు పట్టే సబ్బునీళ్ల కంటే ముందు గాలి ఒత్తిడి చూపే గేజీ చూడాలి.

చదునైన నేల మీద చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టండి. గాలి ట్యాంకును 8 బార్ వరకు నింపి, ముందు బండి నుంచి గాలి తెచ్చే ఎర్ర పైపు విప్పేయండి. బ్రేకు ట్యాంకు టెస్ట్ పాయింటుకు గేజీ బిగించి, ఇరుసు నుంచి ఛాసిస్ ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. తెల్లారాక రెండూ మళ్లీ చూడండి.

ఛాసిస్ దిగి, ఒత్తిడి 4.5–6 బార్ మధ్య ఎక్కడో ఆగిపోతే లీకు సస్పెన్షన్ వైపే. బ్రేకుల గాలిని కాపాడే ప్రొటెక్షన్ వాల్వ్ అక్కడ మూసుకుంటుంది, ఆ అంకె వాల్వ్ రకాన్ని బట్టి మారుతుంది. ట్యాంకు ఖాళీ అయినా ఛాసిస్ ఎత్తు మారలేదా, బెలోలను ముట్టుకోకండి. బెలోల్లో గాలిని సరిచేసి ఛాసిస్ ఎత్తు నిలిపే లెవలింగ్ వాల్వుల్లో చాలావాటికి గాలిని వెనక్కి పోనివ్వని ఏర్పాటు ఉంటుంది. కాబట్టి లీకు దానికి ముందే, బ్రేకు లైన్లలోనో ట్యాంకు నీళ్లు వదిలే డ్రెయిన్ వాల్వులోనో ఉంది.

హైదరాబాద్ ఎండలనూ లెక్కలో వేసుకోవాలి. మే నెలలో 40 డిగ్రీల్లో నింపిన 8 బార్, తెల్లవారుజామున 27 డిగ్రీలకు ఏ లీకూ లేకుండానే దాదాపు 0.37 బార్ తగ్గుతుంది. దాన్ని చూసి వాల్వులు విప్పకండి.

ఇక వెతకడం. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా లోపలికి దూరవద్దు. బెలో ఒక్కసారిగా దిగితే ప్రాణం మీదికొస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌ను నీళ్లలో చిక్కగా కలిపి కొట్టి, ప్రతి చోటా ఒక నిమిషమైనా ఆగండి. నెమ్మది లీకు బుడగ ఆలస్యంగా పొంగుతుంది. బెలో తన కింది దిమ్మ (పిస్టన్) మీద మడతపడే చోట పగుళ్లు చూడండి. ఒకే లెవలింగ్ వాల్వ్ ఉన్న బండిలో ఒక బెలో కారినా రెండు పక్కలూ దిగుతాయి. పగిలిన బెలోకు ప్యాచ్ నిలవదు, మార్చాల్సిందే.

లెవలింగ్ వాల్వ్ లింకు విప్పి, వాల్వ్ లివర్‌ను మధ్యలో ఉంచి, ఎగ్జాస్ట్ రంధ్రం మీద సబ్బు పొర వేయండి. కొన్ని సెకన్ల తర్వాత కూడా బుడగ పెరుగుతూనే ఉంటే వాల్వ్ సీటు కారుతోంది. ఎక్కువసార్లు కారణం ట్యాంకు నీళ్లతో వచ్చిన తుప్పు. రోజూ డ్రెయిన్ చేస్తే ఆ వాల్వ్ చాలాకాలం నిలుస్తుంది.

పుష్ ఫిట్టింగ్ దగ్గర నైలాన్ పైపును ఆక్సా బ్లేడుతో కోయకండి, కొస వంకరై ఓ-రింగ్‌ను గీస్తుంది. పైపు కట్టర్‌తో నిలువుగా కోసి, గీతలున్న కొస తీసేసి, చివరిదాకా నెట్టి, వెనక్కి లాగి చూడండి. టెఫ్లాన్ టేపు చుడితే మొదటి రెండు మరలు వదిలేయండి. లేకపోతే టేపు ముక్క వాల్వులోకి పోయి ఇరుక్కుంటుంది.

రిపేరయ్యాక లోడుతో మరో రాత్రి నిలబెట్టండి. ఖాళీ బండి బెలోల్లో ఒత్తిడి తక్కువ, చిన్న లీకు అందులో బయటపడదు.