తలకు మూడున్నర కిలోల ఉప్పు

ఈ బల్ల మీద కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి పెట్టాను, వెనక వరుసలవారికి కూడా కనబడుతోంది కదా? విప్లవానికి ముందు ఫ్రాన్స్ సమాజం ఎలా ఉండేదో చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు, రాజుల పటాలు చూపించేకన్నా ఇది నయమనిపించింది.

బడిలో అందరం చదువుకున్నదే. అక్కడి సమాజంలో మూడు వర్గాలు, వాటినే ఎస్టేట్‌లు అనేవారు. మొదటి ఎస్టేట్ మతాధికారులు, రెండోది ప్రభువర్గం, మూడోది మిగతా జనమంతా. మొదటి రెండూ కలిపినా నూటికి ఇద్దరు ఉండరు. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు పడేవి. అయితే ఆ పాఠంలో మూడంతస్తుల మేడ బయటినుంచి కనబడుతుందే తప్ప లోపలి గదులు కనబడవు. ఉప్పు వెంట వెళ్తే కనబడతాయి.

ఉప్పు పన్నును అక్కడ గాబెల్ అనేవారు. పద్నాలుగో లూయీ కాలంలో, 1680లో వచ్చిన శాసనం ప్రకారం, పన్ను పూర్తిగా అమలయ్యే ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషి పేరనా ఏడాదికి దాదాపు మూడున్నర కిలోల ఉప్పు సర్కారు కొట్టులో కొని తీరాలి. ఇలాంటి ప్యాకెట్లు మూడున్నర. మన దేశంలో తెల్లదొరలు ఉప్పు వండుకోవద్దన్నారు. వీళ్ళు ఇంకో మెట్టెక్కి, కొనకపోవడమే నేరమన్నారు. పైగా ఆ ఉప్పు వంటకీ, తినేటప్పుడు వేసుకోవడానికీ మాత్రమే. చలికాలం కోసం పందిని కోసి మాంసం ఊరవేసుకోవాలంటే వేరే ఉప్పు కొనాలి, కొన్నట్టు వేరే చీటీ చూపాలి. ఇంట్లో మిగిలిందే కదా అని మాంసానికి పట్టించారో, జరిమానా! ఈ నిబంధన రాసిన పెద్దమనిషి జన్మలో వంటింటి గడప తొక్కి ఉండడు.

ధర సంగతి చూడండి. 1780 ప్రాంతంలో పారిస్ వైపు యాభై కిలోల ఉప్పు 60 లివ్రలు దాటింది. లివ్ర అంటే అప్పటి ఫ్రాన్స్ డబ్బు. పడమటి తీరాన బ్రిటనీలో అదే ఉప్పు 3 లివ్రలకు మించదు. 1532లో ఫ్రాన్స్‌లో కలిసినప్పుడు బ్రిటనీ తన పాత హక్కులు వదులుకోలేదు మరి, అందుకే అక్కడ ఈ పన్ను లేదు. కూలివాడికి రోజుకు ఒక లివ్ర, అటూ ఇటూగా. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఐదుగురున్న ఇంట్లో ఏడాది ఉప్పుకే మూడు వారాల కూలి పోయేది.

మరి పైవాళ్ళు? భూమి, ఆదాయం మీద వేసే తాయ్ అనే పన్నునుంచి ప్రభువులకు ఎలాగూ మినహాయింపు ఉంది. ఉప్పు పన్ను మాత్రం పేరుకు అందరిదీ. కానీ పెద్ద న్యాయస్థానాల సభ్యులకూ, ఉన్నతాధికారులకూ, ఎన్నో మఠాలకూ 'ఫ్రాంక్ సాలే' అని పన్ను లేని ఉప్పు వాటా అందేది. దొంగ ఉప్పు కేసు విచారించి శిక్ష వేసే అధికారి ఇంట్లో కూడా ఆ ఉప్పే.

వసూళ్ళు ఇజారాకిచ్చారు. రాజుకు ముందే డబ్బు కట్టి, ఆనక జనం దగ్గర రాబట్టుకునే ఇజారాదారుల సంఘం అది. రసాయన శాస్త్రంలో మనం పేరు వినే లెవోయిజర్ కూడా వారిలో ఒకడు. 1794లో ఆయన తల తెగింది ఈ ఇజారా వల్లే. డబ్బు చేరిన సామాన్యుడు రాజు కార్యదర్శి పదవి కొనుక్కుంటే కొన్నాళ్ళకు ప్రభువైపోవచ్చు. జనం ఆ పదవికి 'పామరుడి సబ్బుబిళ్ళ' అని పేరు పెట్టారు, పుట్టుకను కడిగేస్తుంది కాబట్టి. కాబట్టి మూడో ఎస్టేట్ అంతా ఒక్క మాట మీద నిలబడిందని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఉప్పు కొనలేనివాడూ, ఆ ఉప్పు మీద మేడ కట్టినవాడూ పుట్టింది ఆ ఎస్టేట్‌లోనే.

ధరలో ఇరవై రెట్ల తేడా ఉంటే సరిహద్దు ఊరుకుంటుందా? బ్రిటనీ పక్కన లవాల్ ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళు దొంగ ఉప్పు మోసేవి. ఆడవాళ్ళు పావడాల కింద దాచేవారు. పెద్దలకు పడేంత శిక్ష పిల్లలకు పడదు కనక వాళ్ళనూ పంపేవారు. కుక్కలకు కూడా తర్ఫీదు ఇచ్చారు. ఇంట్లో తిండి పెట్టి మచ్చిక చేసి, సరిహద్దు అవతలికి తీసుకెళ్ళి, ఒంటికి ఉప్పు మూటలు కట్టి వదిలేస్తే, చీకట్లో పరుగున ఇల్లు చేరేవి. ఆయుధాలతో గుంపుగా దొరికిన మనుషులకు మాత్రం గాలీ నౌకల్లో తెడ్లు వేసే శిక్ష, మళ్ళీ దొరికితే మరణశిక్ష.

ఆ దొంగ ఉప్పు మోసినవాళ్ళలో ఝా కోతెరో ఒకడు. షువాన్ అన్నది మారుపేరు, గుడ్లగూబ అని. 1790లో విప్లవ ప్రభుత్వం గాబెల్‌ను ఎత్తేసింది. జనం సంబరపడ్డారు, ఇతని బతుకుతెరువు పోయింది. 1792లో సైన్యంలో చేరే మనుషుల కోసం అధికారులు ఊరికి వస్తే తిరగబడ్డాడు. తర్వాత రాజు పక్షాన అడవుల్లో పోరాడి 1794లో చనిపోయాడు. ఆ తిరుగుబాటును ఈనాటికీ షువాన్ల పేరుతోనే పిలుస్తారు. ఒకప్పుడు అతణ్ణి తరిమింది రాజు ఉప్పు భటులే.

1806లో నెపోలియన్ ఉప్పు పన్ను మళ్ళీ వేశాడు. ఈసారి లవాల్‌లోనూ బ్రిటనీలోనూ ఒకటే రేటు. దాన్ని పూర్తిగా తీసేసింది 1945లో.