కొత్త పాలిస్టర్ సరే, కిలో ఎంత?

(సిరిసిల్లలో డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, మొహమాటం వద్దు.

పొద్దున బస్టాండు నుంచి నడిచి వస్తుంటే రెండు వీధుల పొడుగునా సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిపోతే మాకు నిద్రలో మెలకువ వస్తుంది సార్ అని మీవాడొకడు చెప్పాడు. ఆ సాంచెల మీద నడిచేదాంట్లో చాలా భాగం పాలిస్టరే కదా. 2017 నుంచి ఇక్కడ నేసిన బతుకమ్మ చీరలూ అవే. పుట్టినప్పటి నుంచీ పాలిస్టర్ మధ్యనే పెరిగిన మీకు పాలిస్టర్ గురించి చెప్పడానికి రావడం అంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఇవి రెండు దారప్పోగులు. ఇది నూలు. అగ్గిపుల్ల చూపిస్తే కాగితంలా అంటుకుంది, వాసన కూడా కాగితం కాలిన వాసనే, మిగిలింది వేళ్ల మధ్య నలిపితే పొడైపోయే బూడిద. ఇది పాలిస్టర్. మంట దగ్గరికి తెచ్చేసరికి ముందు వెనక్కి ముడుచుకుంది, తర్వాత కరిగింది, ఇప్పుడు కొసన నల్లటి గట్టి పూస ఉంది చూడండి, గోటితో నొక్కినా నలగదు. గుడ్డల వ్యాపారం చేసే ప్రతివాళ్లకీ తెలిసిన పరీక్షే ఇది, అయితే నేను ఇవాళ చెప్పబోయేదంతా ఈ పూసలోనే ఉంది. కరుగుతుంది కాబట్టి సన్నటి రంధ్రాల గుండా తోసి దారం తీయగలిగాం. ముడుచుకుంది అంటే, లోపలి గొలుసులను ఎవరో లాగి వరసగా పడుకోబెట్టారు, వేడి తగలగానే అవి మళ్లీ ఉండ చుట్టుకుపోవాలని చూశాయి.

గొలుసు ఎలా కడతారు? రెండు చివరలా యాసిడ్ ఉన్న ముక్క ఒకటి, రెండు చివరలా ఆల్కహాల్ ఉన్న ముక్క ఒకటి. రెండు చేతులున్నవాళ్లు పక్కవాళ్ల చేయి పట్టుకుంటూ పోయినట్టు. పట్టుకున్న ప్రతిసారీ ఒక నీటి అణువు బయట పడుతుంది. మీ చీరల దారంలో ఆ యాసిడ్ టెరెఫ్తాలిక్ యాసిడ్, ఆల్కహాల్ ఇథిలీన్ గ్లైకాల్, అంటే లారీ రేడియేటర్‌లో కూలెంట్‌గా పోస్తారే, అదే. రెండూ కలిస్తే పెట్. మీ పక్కనున్న నీళ్ల సీసా కూడా పెట్టే. చీర, సీసా ఒకే తల్లి పిల్లలు.

వినడానికి సులువుగానే ఉంది. ఇప్పుడొక లెక్క చూడండి. మామూలు కెమిస్ట్రీలో 90 శాతం చర్య జరిగిందంటే మనం స్వీట్లు పంచుకుంటాం. ఇక్కడ 90 శాతం చేతులు కలిస్తే గొలుసు సగటున 10 ముక్కల పొడుగు. అది మైనంలా ఉంటుంది, దారం రాదు. 98 శాతానికి 50 ముక్కలు. 99కి 100. 99.5కి 200. ఒకటిని మిగిలిపోయిన భాగంతో భాగించండి, అంతే, కారోథర్స్ సమీకరణం అంటే ఇదే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తారు, కానీ నా ఉద్యోగ జీవితం మొత్తం ఆ చివరి ఒక్క శాతం దగ్గరే గడిచిపోయింది. అందులోనూ చర్య వెనక్కి కూడా నడుస్తుంది, బయట పడ్డ నీళ్లనూ గ్లైకాల్‌నూ ఎప్పటికప్పుడు లాగేయకపోతే కట్టిన గొలుసు మళ్లీ తెగుతుంది. అందుకే 280 డిగ్రీల వేడి, దాని మీద గట్టి వాక్యూమ్.

నా మొదటి ఉద్యోగంలో, ఎక్కడో చెప్పను, ఒక కొత్త కోపాలిస్టర్ (రెండుకు మించిన రకాల ముక్కలతో కట్టే పాలిస్టర్) బ్యాచ్ రాత్రంతా నడిపాను. గొలుసు పెరిగేకొద్దీ ద్రవం చిక్కబడుతుంది, కలిపే మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది, ఆ అమ్మీటరు ముల్లు లేస్తుంటే మాకు పండగ. ఆ రాత్రి ముల్లు లేవలేదు. రెండు గంటలకి లేవలేదు, నాలుగింటికీ లేవలేదు. ఒక చిన్న రబ్బరు రింగు చీలి గాలి లోపలికి పోతోందని తెల్లవారాక తెలిసింది, అప్పటికి లోపల ఉన్నది టీ డికాక్షన్ రంగులోకి తిరిగింది. చల్లారాక ఇంకో తమాషా. పాలిస్టర్ గాజుకి గట్టిగా అతుక్కుంటుంది, గడ్డకడుతూ కుంచించుకుపోతుంది, పోతూపోతూ గాజుని కూడా లాక్కుపోతుంది. టప్పుమని ఫ్లాస్కు పగిలింది. రింగు ఖరీదు పది రూపాయలు ఉంటుందేమో.

ఈ పనికి పునాది వేసింది వాలెస్ కారోథర్స్. అమెరికాలో హార్వర్డ్ వదిలి 1928లో డ్యూపాంట్ కంపెనీలో చేరాడు. ఆయన దగ్గర పనిచేసే జూలియన్ హిల్ 1930 ఏప్రిల్‌లో, నీటి చివరి అణువులను కూడా లాగేసే ప్రత్యేకమైన పరికరంలో పాలిస్టర్‌ను వేడి చేసి, కరిగిన ముద్దలో కడ్డీ ముంచి పైకి లాగితే తీగ వచ్చింది. మన అమ్మలు అరిసెలకి పాకం పట్టేటప్పుడు రెండు వేళ్లతో తీసి చూస్తారు కదా, తీగపాకం వచ్చిందా లేదా అని, సరిగ్గా అదే. అయితే పాకం తీగ లాగితే తెగుతుంది. ఇది చల్లారాక లాగితే నాలుగింతలు సాగి, సాగాక ఇంకా గట్టిపడి పట్టులా మెరిసింది. గొలుసులన్నీ ఒకే దిక్కుకి వరసకట్టాయన్నమాట.

అంతా బాగుంది గానీ ఆ దారం 100 డిగ్రీల లోపే కరిగిపోయేది. వేడినీళ్లలో ఉతకడానికి లేదు, ఇస్త్రీ మాట ఎత్తడానికే లేదు. కారోథర్స్ పాలిస్టర్‌ను పక్కన పెట్టి, ఆల్కహాల్ బదులు అమైన్ (నైట్రోజన్ చేతులున్న ముక్క) పెట్టి పాలిఅమైడ్‌ల వైపు వెళ్లాడు, 1935 ఫిబ్రవరి 28న నైలాన్ వచ్చింది. అమైడ్ గొలుసులు పక్క గొలుసుని హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి, అందుకే 260 డిగ్రీల దాకా కరగవు. నైలాన్ అమ్మకానికి రాకముందే, 1937లో, ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 41.

ఆయన వదిలేసిన చోట ఇంగ్లండులో ఇద్దరు పట్టుకున్నారు. విన్‌ఫీల్డ్, డిక్సన్. గుడ్డల మీద అద్దకం చేసే ఒక సంఘం వాళ్ల చిన్న లాబ్. కారోథర్స్ ఎక్కువగా వాడిన యాసిడ్లు మెత్తటి తాడులాంటివి, వీళ్లు మధ్యలో బెంజీన్ రింగు, అంటే ఆరు కార్బన్ల చక్రం, పెట్టారు. అదీ రెండు చేతులూ ఎదురెదురుగా ఉండే పారా స్థానంలో. గొలుసు బెత్తంలా నిటారుగా నిలబడింది, కరిగే వేడి 260 దాటింది. అదే రింగుకి చేతులు పక్కపక్కన ఉంటే గొలుసు వంకరపోయి, వరసకట్టక, దారానికి పనికిరాదు. అది థాలిక్, మీ ఇంటి గేటుకి వేసే ఎనామిల్ పెయింటులో ఉంటుంది. రెండు కార్బన్ల స్థానం మారితే చీర కాస్తా పెయింటు అవుతుంది! వాళ్ల దారం పేరు టెరిలిన్, 1941. మన తాతలు పెళ్లికి కుట్టించుకున్న టెర్లిన్ చొక్కా ఇదే. మా తాత దాన్ని దండెం మీద ఆరేసి పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాడట.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉంటుంది. అందులో అంతగా కనపడనిది కిలో ధర. టెరెఫ్తాలిక్ యాసిడ్ కరగదు, దేంట్లోనూ సరిగా కలవదు, మరి దాన్ని శుద్ధి చేసేదెట్లా? చాలా ఏళ్లు దాన్ని మిథనాల్‌తో ఎస్టర్‌గా మార్చి, శుద్ధి చేసి, తర్వాత వాడారు, అదో అదనపు ఖర్చు. 1960ల్లో పారాజైలీన్‌ను గాలితో ఆక్సీకరించి, వచ్చిన యాసిడ్‌నే నేరుగా శుద్ధి చేసే పద్ధతి వచ్చాక పెట్ ధర దిగింది. మీ సాంచెల దాకా పాలిస్టర్‌ను తీసుకొచ్చింది ఆ శుద్ధి యంత్రమే అని నా నమ్మకం, విన్‌ఫీల్డ్ అభిమానులు ఒప్పుకోకపోయినా సరే.

దీనికి ఇంకా మంచి సాక్ష్యం పీటీటీ అనే ఇంకో పాలిస్టర్. పెట్‌లో గ్లైకాల్‌కి రెండు కార్బన్లు. మూడు కార్బన్లది పెడితే గొలుసు జిగ్‌జాగ్‌గా మడతపడి స్ప్రింగులా ఉంటుంది, సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. తివాచీ మీద అడుగు పడ్డ చోట గుంట నిలవదు. ఇది కూడా 1941లోనే తెలుసు! అయినా యాభై ఏళ్లు బీరువాలోనే ఉండిపోయింది, ఎందుకంటే ఆ మూడు కార్బన్ల ప్రొపేన్‌డయోల్‌ను చౌకగా చేసే దారి లేదు. 1990ల్లో షెల్ కంపెనీ ఒక దారి వేసింది. తర్వాత డ్యూపాంట్ వాళ్లు ఈ.కోలై బ్యాక్టీరియాకి జన్యువులు మార్చి, మొక్కజొన్న చక్కెర తినిపించి, దానితోనే ప్రొపేన్‌డయోల్ చేయించారు, 2006-07లో టెనెసీ రాష్ట్రంలో ఫ్యాక్టరీ నడిచింది. ఆ దారం బరువులో 37 శాతం మొక్కజొన్న నుంచి వచ్చిందే. అంటే పాలిమర్ పాతదే, దాన్ని బీరువాలోంచి బయటికి తెచ్చింది మాత్రం ఒక సూక్ష్మజీవి.

సీసా సంగతి కూడా చెప్పాలి, అది నాకిష్టం. నాథానియల్ వైత్ అనే ఇంజనీరు, డ్యూపాంట్‌లోనే, సోడా ప్లాస్టిక్ సీసాలో ఎందుకు పోయకూడదని ఒక డిటర్జెంట్ సీసా నిండా జింజర్ ఏల్ పోసి ఫ్రిజ్‌లో పెట్టాడు. తెల్లారేసరికి అది ఉబ్బి అరల మధ్య ఇరుక్కుపోయింది. దారాన్ని ఒక వైపు లాగితే బలం వస్తుంది, సీసా గోడని నిలువునా అడ్డంగా రెండు వైపులా లాగితే? ఆ ఆలోచనకి 1973లో పేటెంటు వచ్చింది. ఇంటికెళ్లి ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో సలసల కాగే నీళ్లు పోయండి, జాగ్రత్తగా, సింకులో పెట్టి. ఒళ్లంతా ముడుచుకుపోతుంది, మూత బిగించే మెడ మాత్రం అలాగే ఉంటుంది. మెడని ఎవరూ లాగలేదు, అందుకే దానికి ముడుచుకునే పనిలేదు. నేను ఇందాక కాల్చిన పోగూ ఇదే చెప్పింది.

ఇప్పుడు అందరూ మాట్లాడుతున్న కొత్త పాలిస్టర్ పీఈఎఫ్. బెంజీన్ రింగు తీసేసి, పళ్ల చక్కెర నుంచి వచ్చే ఫ్యూరాన్ రింగు పెడతారు, ఐదు మూలలది, అందులో ఒకటి ఆక్సిజన్. బెంజీన్ రింగు గొలుసులో గిర్రున తిరగగలదు, ఇది అంత సులువుగా తిరగదు, అందుకే సోడాలో గ్యాసు గోడలోంచి జారిపోవడం బాగా తగ్గుతుంది. గుణంలో పెట్ కంటే ఒక మెట్టు పైనే. నెదర్లాండ్స్‌లో అవాంటియం కంపెనీ 2024లో దీని మోనోమర్‌కి, అంటే గొలుసు కట్టే ముక్కకి, ఫ్యాక్టరీ తెరిచింది, ఏడాదికి 5,000 టన్నులు. ప్రపంచంలో ఒక్క పాలిస్టర్ దారమే ఏడాదికి 7 కోట్ల టన్నుల పైమాటే. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, లాబ్‌లో గెలవడం వేరు, బజారులో గెలవడం వేరని అర్థమవుతుంది. నేను చేసిన ఏ కొత్త రెసిన్ తీసుకెళ్లినా కొనేవాళ్లు గ్రాఫులు చూసేవాళ్లు కాదు. గుళికలు అరచేతిలో పోసుకుని, ‘బాగుంది సార్, కిలో ఎంత?’ అనేవాళ్లు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు మా కుర్రాళ్లని ఆ ప్రశ్న నేనే ముందు అడుగుతున్నాను.

కారోథర్స్ పాలిస్టర్ వేడికి ఓడిపోయిందని చెప్పానుగా. అలాంటి పాలిస్టర్లకి ఇంకో జబ్బు, నీళ్లకి గొలుసు తెగుతుంది. ఆ జబ్బే తర్వాత మందైంది. గ్లైకాలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్‌తో చేసిన పాలిస్టర్లు ఒంట్లో నీళ్లకి మెల్లగా తెగి కరిగిపోతాయి. ఆపరేషన్ అయ్యాక ‘ఇవి కరిగిపోయే కుట్లు, విప్పక్కర్లేదు’ అని డాక్టరు చెబుతుంది చూడండి, అవే, 1970ల నుంచి వాడుకలో ఉన్నాయి. అక్కడ మాత్రం కిలో ఎంత అని ఎవరూ అడగరు, ఒక కుట్టుకి ఎంత పోగు కావాలి గనక!

ఇక పెట్ మట్టిలో కుళ్లిపోదు కదా, చెత్త సంగతేంటి అంటారు. జపాన్‌లో సకాయి ఊళ్లో సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర మట్టిలో పెట్‌ను తినే బ్యాక్టీరియా దొరికిందని 2016లో ప్రకటించారు. అది పాపం చాలా నెమ్మదిగా తింటుంది. ఫ్రాన్స్‌లో కార్బియోస్ వాళ్లు వేరే ఎంజైమ్‌ను మార్చి, 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో 90 శాతం పెట్‌ను విడగొట్టామని 2020లో చూపించారు. 72 ఎందుకంటే, దాదాపు ఆ వేడిలోనే పెట్ గొలుసులు బిగింపు వదిలి కదలడం మొదలుపెడతాయి, ఎంజైమ్‌కి నోరు పెట్టే సందు దొరుకుతుంది. కానీ బాగా లాగి వరసకట్టించిన దారం దానికి కొరుకుడు పడదు, ముందు కరిగించి, గబుక్కున చల్లార్చి, వరస చెడగొట్టాలి. అంటే హిల్ 1930లో చేసిన పనిని మొదట రద్దు చేయాలి. దానికి నూలు కలిసిన టెరికాటన్ అయితే తలనొప్పి రెండింతలు. ఇందులో పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లకి బోలెడంత పని ఉంది, ఖాళీగా ఉన్నామనకండి.

చివరిగా, మీలో సాంచెలున్న ఇళ్ల పిల్లలకి ఒక పని. ఈ సంచిలో పీఎల్ఏ దారం కోను ఒకటి ఉంది. లాక్టిక్ యాసిడ్‌తో చేసిన పాలిస్టర్, మొక్కజొన్న దారం అనుకోండి. పడుగుకి చాలదు, పేకగా వాడి ఒక రెండు గజాలు నేయండి. ఎన్నిసార్లు తెగిందో రాసిపెట్టండి, మీ నాన్నగారు ఏమని తిట్టారో అది కూడా రాయండి, నాకు రెండూ కావాలి. నేసిన గుడ్డని మాత్రం ఇస్త్రీ పెట్టెకి దూరంగా ఉంచండి. ఇది 170 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నూలుకి పెట్టే వేడి పెడితే పెట్టెకే అతుక్కుంటుంది. మా ఇంట్లో ఒక పెట్టె అలా పోయింది.