పిల్లలకు పియానో కొంటున్నారా? కొత్తదో పాతదో తేల్చుకునే ముందు మూత తీసి చూడండి

నమస్తే అండీ. నేను అనంతపురంలో పిల్లలకు పియానో నేర్పిస్తాను. పోయిన వారం నా దగ్గరికి వచ్చే ఒక పాప వాళ్లమ్మ ఫోన్ చేశారు. "మేడం, బెంగళూరులో ఒకళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ పియానో అమ్మేస్తున్నారంట. కొత్తదాంట్లో సగం రేటు కూడా లేదు. తీసుకోమంటారా?" అని అడిగారు. "ఆగమ్మా, చూడకుండా అడ్వాన్స్ మాత్రం వేయొద్దు" అన్నాను. ఆమెకు ఫోన్‌లో చెప్పలేనివన్నీ ఈరోజు నా పియానో విప్పి చూపిస్తాను.

ముందు నాకు జరిగింది చెబుతాను. నేను మొదట కొన్నది కూడా పాతదే. పాలిష్ అద్దంలా మెరుస్తోంది, వాయిస్తే శృతి చక్కగా ఉంది. అమ్మ చీటీ పాడిన డబ్బులు పెట్టి తెచ్చుకున్నాం. మూడు వారాలు తిరగకముందే శృతి మొత్తం పోయింది. ట్యూనర్‌ను పిలిపిస్తే, ఆయన సరిచేసి అటు తిరిగేలోపే మళ్లీ జారింది. లోపల తీగల పిన్నులను పట్టి ఉంచే చెక్క, పిన్ బ్లాక్ అంటారు, అది చీలిపోయి ఉంది. అమ్మినవాళ్లు ముందు రోజే శృతి చేయించి చూపించారని అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి అమ్మ మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు ఈ పై మూత ఎత్తుతున్నాను. ముందు పలక కూడా తీసేశాను. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. వరసగా కనిపిస్తున్న ఈ ఇనుప మేకుల్లాంటివే ట్యూనింగ్ పిన్నులు. పియానోలో కీస్ 88, తీగలు మాత్రం దాదాపు 230. ఒక్కో తీగకు ఒక్కో పిన్ను. తీగలన్నీ కలిసి లాగే బలం 18 టన్నుల దాకా ఉంటుంది, అంటే లోడుతో ఉన్న లారీ బరువంత. ఈ పిన్నుకు నట్టూ లేదు, బోల్టూ లేదు. చెక్కలో బిగుతుగా దిగి ఉంటుంది, అంతే. ఆ చెక్కే పిన్ బ్లాక్. అది పట్టు వదిలితే పైన ఎంత పాలిష్ ఉన్నా లాభం లేదు.

మన ఊరి సంగతి ఇక్కడే వస్తుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి. పియానోకు గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. మన ఏప్రిల్, మే ఎండల్లో అంత తేమ ఎక్కడిది? చెన్నైలో సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్న చెక్క ఇక్కడికి వస్తే ఎండి కుదించుకుపోతుంది. పిన్నులు వదులయ్యేది అందుకే. కాబట్టి పాతది ఏ ఊరి నుంచి వస్తోందో తప్పకుండా అడగండి.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఆఖరిసారి శృతి ఎప్పుడు చేయించారు? "నిన్ననే" అంటే సంతోషపడకండి. "ఆరు నెలలైంది" అని చెప్పిన పియానో ఇప్పటికీ శృతికి దగ్గరగా ఉంటే, అదే మంచిది. పిన్నులు పట్టుకుని ఉన్నాయని అర్థం. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని మధ్యలో ఉన్న 'సి' పైన వచ్చే 'ఏ' స్వరం కీ నొక్కండి. 440 హెర్ట్జ్ చూపించాలి. ఓ రెండు మూడు తక్కువైతే కంగారు లేదు. 415 దగ్గర ఉంటే మాత్రం పూర్తిగా అర మెట్టు దిగిపోయినట్టు. పైకి లాగుతుంటే పాత తీగలు తెగొచ్చు.

ఇప్పుడు ఒక్కో కీ నిదానంగా నొక్కుతూ వినండి. పై స్వరాలకు మూడేసి తీగలు ఉంటాయి. వాటిలో ఒకటి తప్పినా ఇదిగో, ఇలా "వాం... వాం..." అని ఊగుతుంది. 88 కీస్‌లో అక్కడొకటి ఇక్కడొకటి ఊగితే ట్యూనర్ సరిచేస్తాడు. ఒకే చోట వరసగా పది ఊగుతుంటే ఆ చోట పిన్ బ్లాక్ మీద అనుమానపడాలి.

తర్వాత, కీ ఎంత బరువుకు దిగుతుందో చూడటానికి పది రూపాయల బిళ్లలు ఓ పది తీసుకెళ్లండి. నిజంగానే చెబుతున్నా. ఒక్కోటి 7.7 గ్రాములు. కుడి పెడల్ తొక్కి పట్టి, కీ చివర ఒకదాని మీద ఒకటి పెట్టండి. నాది చూడండి, ఆరు పెట్టినా కదల్లేదు, ఏడోదానికి మెల్లగా దిగింది. అంటే 54 గ్రాములు, సరిగ్గా ఉండాల్సినంత. పై స్వరాల వైపు ఒక బిళ్ల తగ్గినా ఫరవాలేదు. ఒక కీకి నాలుగు, పక్కదానికి పది పడుతుంటే లోపల ఏదో బిగుసుకుందనే. పిల్లల వేళ్లు ఆ తేడాకు అలవాటు పడితే తర్వాత మాన్పించడం చాలా కష్టం.

మిగతావి కంటికే తెలుస్తాయి. కీ నొక్కితే తీగను కొట్టే చిన్న సుత్తులే హ్యామర్లు. వాటి మీద ఉండే మెత్తటి ఉన్ని, అంటే ఫెల్ట్ మీద, తీగల గాట్లు లోతుగా ఉన్నాయా? ఉక్కు తీగలకు తుప్పు, రాగి చుట్టిన బేస్ (కింది స్వరాల) తీగలకు పచ్చ చిలుము పట్టాయా? టార్చి వేసి అడుగున పెడల్స్ దగ్గర చూడండి. ఎలుకలకు ఫెల్ట్ అంటే ప్రాణం, గూడు కట్టేస్తాయి. వెనక చెక్కకు చెదలు ఉన్నాయేమో తట్టి చూడండి. కర్నూలులో కొనేవాళ్లు అడుగు భాగాన నీటి చార ఉందేమో వెతకండి. 2009 అక్టోబరు వరదలో నానిన సామాను ఏదైనా, ఎంత చవగ్గా ఇచ్చినా నేనైతే ముట్టుకోను.

కొత్తది కొంటే ఈ తలనొప్పులు ఉండవు, వారంటీ ఉంటుంది. కానీ కొత్త తీగలు సాగుతాయి కాబట్టి మొదటి ఏడాది మూడు నాలుగు సార్లు శృతి చేయించాలి. పైగా రేటు కోసం మరీ పొట్టి పియానో కొంటే బేస్ స్వరం పలచగా వస్తుంది. పిన్నులు గట్టిగా ఉన్న, 121 సెంటీమీటర్ల ఎత్తున్న పాతదే దానికన్నా నయం అంటాను.

తీగలు లేకుండా కరెంటుతో పనిచేసే డిజిటల్ పియానోకు శృతి గొడవే లేదు. అయితే 88 కీస్ ఉండాలి, డబ్బా మీద "వెయిటెడ్, హ్యామర్ యాక్షన్" అని ఉండాలి. ఉత్త "టచ్ సెన్సిటివ్" అంటే గట్టిగా కొడితే సౌండ్ పెరుగుతుందనే గానీ కీలో బరువు ఉందని కాదు. డిజిటల్‌లో పాతది మాత్రం నేను కొనమని చెప్పను. పాత మోడల్‌కు లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే విడిభాగాలు దొరకడం కష్టం.

ఆ పాప వాళ్లమ్మకు నేనేం చెప్పానంటే... పాపకు ఏడేళ్లు, నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలు. వాళ్లది అద్దె ఇల్లు, రెండో అంతస్తు. పియానో 200 కిలోల పైన ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా అంత బరువు మోయించి, మళ్లీ శృతి చేయించాలి. అందుకే కొత్త డిజిటల్ తీసుకోమన్నాను. రెండేళ్ల తర్వాత కూడా పాప ఎవరూ చెప్పకుండానే వెళ్లి కూర్చుంటుంటే, అప్పుడు నేనే వెంట వచ్చి పాతది చూసిపెడతానని మాటిచ్చాను.

సొంతిల్లు ఉండి, పాతదే తెచ్చుకునేవాళ్లు దాన్ని ఎండ పడని లోపలి గోడకు పెట్టండి. కూలర్ గాలి దాని మీదికి అస్సలు రాకూడదు, ఆ తడికి తీగలు తుప్పు పడతాయి. దించిన రోజే ట్యూనర్‌ను పిలవకండి, మూడు వారాలు ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి. ట్యూనర్ బెంగళూరు నుంచే రావాలి కాబట్టి, ఊళ్లో ఏ చర్చిలోనో ఇంకెవరింట్లోనో పియానో ఉందేమో కనుక్కుని అందరూ ఒకే రోజుకు పిలిపించుకోండి. రానుపోను ఖర్చు పంచుకోవచ్చు.