42 డిగ్రీల ఎండకు 44 చూపించే ఏడీసీ

ఆర్డుయినో బోర్డు పంపే రీడింగులు కంప్యూటర్‌లో కనిపించే కిటికీ, ఈ సీరియల్ మానిటర్ చూడండి. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం, నీడలో థర్మామీటర్ 42 డిగ్రీలు చూపిస్తాంది. పక్కనే బోర్డుకు తగిలించిన ఎల్‌ఎం35 అనే వేడి కొలిచే సెన్సర్ మాత్రం 44 అంటాంది. పైగా రీడింగ్ అర డిగ్రీ, అర డిగ్రీగా దూకుతాంది. ఇట్లయితే చాలామంది వెంటనే ఎక్కువ బిట్లున్న బోర్డు కొనేస్తారు. ఆగండప్పా, డబ్బులు దండగ.

ఎల్‌ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే 42 డిగ్రీలకు 420. మన ఆర్డుయినో ఉనో ఆర్3 బోర్డులో వోల్టేజీని అంకెగా మార్చే భాగమే ఏడీసీ. అది 10 బిట్లది, అంటే 1024 మెట్లు. 5 వోల్టులను వాటికి పంచితే మెట్టుకు 4.88 మిల్లీవోల్టులు, దాదాపు అర డిగ్రీ. ఆ దూకుడు దానివల్లే. మన 420 నిలబడేది 86వ మెట్టు మీద. పైనున్న తొమ్మిది వందల చిల్లర మెట్లు ఊరికే పడున్నాయి.

మరి ఆ రెండు డిగ్రీలు యాడనుంచి వచ్చినాయి? 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. యూఎస్‌బీ కేబుల్ నాసిరకమైతే 4.7 ఉండొచ్చు. అప్పుడు మెట్టు 4.59కి తగ్గుతుంది, రీడింగ్ 91కి ఎక్కుతుంది. కోడ్ ఇంకా 5 వోల్టులే అనుకుని లెక్క కడుతుంది. వచ్చేది 44.

కోడ్‌లోని సెటప్‌లో అనలాగ్‌రిఫరెన్స్‌ను ఇంటర్నల్ అని పెట్టండి. రిఫరెన్స్, అంటే ఏడీసీ మెట్లుగా పంచుకునే వోల్టేజీ, 5 నుంచి 1.1 వోల్టులకు దిగుతుంది, మెట్టు డిగ్రీలో పదో వంతు అవుతుంది. 110 డిగ్రీల దాకా కొలవొచ్చు, మన ఎండకు అది చాలు. మార్చినాక మొదటి నాలుగైదు రీడింగులు పారేయండి. ఆ 1.1 కూడా చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చు. అందుకే పిన్నును చదివే అనలాగ్‌రీడ్ ఒకసారి నడిచినాక, ఆ రిఫరెన్స్ బయటికి కనిపించే ఏరెఫ్ పిన్ను దగ్గర కొలిచి, ఆ అంకెనే కోడ్‌లో రాయండి. ఇంటర్నల్‌లో ఉండగా ఏరెఫ్‌కు బయటి వోల్టేజీ మాత్రం తగిలించొద్దు, చిప్ పోతుంది.

ఇంకా మెత్తగా కావాలంటే 16 రీడింగులు కూడి 4తో భాగించండి, 12 బిట్లు వస్తాయి. కాకపోతే రీడింగ్ ఒక మెట్టు అటూఇటూ ఊగుతాండాల. రాయిలా కదలకుంటే ఎన్ని కూడినా లాభం లేదు.

డ్రిప్ సోలార్ బ్యాటరీ కొలిచేవాళ్లకు ఇంకో తిప్పలు. 12 వోల్టులు తగ్గించడానికి 100 కిలో ఓమ్‌లు, 47 కిలో ఓమ్‌లు పెడతారు. పిన్ను వైపు చూస్తే అది 32 కిలో ఓమ్‌లు. ఈ చిప్‌కు 10 కిలో ఓమ్‌ల లోపలే ఉండాల, లేకుంటే లోపలి కెపాసిటర్ పూర్తిగా నిండక రీడింగ్ తప్పుతుంది. రెసిస్టర్లు మార్చే పని లేదు. పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 104 అని రాసున్న కెపాసిటర్ ఒకటి పెట్టండి.